మా చెల్లి స్వభావమే అంత అంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, వయసు 27. మా చెల్లికి 20. బరంపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చదువులో ఎప్పుడూ ముందే. పుస్తకాలు, బట్టలు అన్నీ పద్ధతిగా పెట్టుకుంటుంది. కానీ చిన్నప్పటి నుంచీ మాట పడదు. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే గంటల తరబడి ఏడుస్తుంది, లేదా అందరి మీదా అరిచేస్తుంది. మర్నాడు ఏమీ జరగనట్టు నవ్వుతూ తిరుగుతుంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు అంత ఉక్కలో కూడా పొడుగు చేతుల డ్రెస్సులే వేసుకుంటుంటే అనుమానం వచ్చింది. చెయ్యి పట్టుకుని చూస్తే గాయాల గుర్తులు. తనే చేసుకుందట. "చచ్చిపోవాలని కాదక్కా, లోపల గోల ఆగట్లేదు, అలా చేస్తే కాసేపు ఆగుతుంది" అంది. మళ్లీ చేయనని నా మీద ఒట్టు వేయించుకున్నాను. నెల తిరక్కుండానే మళ్లీ చేసుకుంది. ఆ ఆదివారం పెళ్లి సంబంధం విషయమై అమ్మతో ఫోన్లో గొడవైందట. రూమ్మేట్లు సినిమాకి వెళ్లారట, తను అన్నం కూడా తినలేదట. అమ్మకు సగం తెలుసు, "అన్నీ నాటకాలు" అంటుంది. నాయనమ్మ "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటుంది. పెళ్లి చేసేస్తే కుదురుకుంటుందని పెద్దమ్మ పోరు పెడుతోంది. నాన్నకు అసలు తెలీదు, చెప్పొద్దని నా చేత కూడా ఒట్టు వేయించుకుంది. ఇంటర్నెట్‌లో చూసి ఎవరో ఫ్రెండ్ "నీది బోర్డర్‌లైన్" అన్నారట, అప్పటి నుంచీ తనకు పిచ్చేమోనని భయపడుతోంది. ఆమె స్వభావమే అంతా? మారదా? నేనేం చేయాలి?

సమాధానం:

అమ్మా, మిగతా మాటలన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. మీ చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని మెత్తగా, నేరుగా అడగండి: "బతకాలని లేదు అనిపిస్తోందా? చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది వెనకాడతారు. అడగడం వల్ల అలాంటి ఆలోచనలు పెరిగినట్టు పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. అడిగాక చాలామందికి గుండె బరువు కొంత దిగుతుంది. "చచ్చిపోవాలని కాదు" అని ఆమె చెప్పింది, ఆ మాట నమ్మండి. నమ్ముతూనే అప్పుడప్పుడూ మళ్లీ అడుగుతూ ఉండండి. చావాలనే ఉద్దేశం లేకుండా తమను తాము గాయపరచుకునేవాళ్లలో కూడా, మిగతావాళ్లతో పోలిస్తే, ముందు ముందు ఆత్మహత్యా ప్రయత్నం జరిగే ప్రమాదం ఎక్కువ. ఎప్పుడైనా "అవును, అనిపిస్తోంది" అన్నా, సెలవు తీసుకుంటున్నట్టు మాట్లాడినా, ఇష్టమైన వస్తువులు ఇచ్చేస్తున్నా ఆమెను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. హాస్టల్లో ఉంటే మీరు చేరేవరకూ ఎవరైనా పక్కనే ఉండేలా వార్డెన్‌కు చెప్పండి, అవసరమైతే 112కు ఫోన్ చేయండి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పొలం మందులు, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు తాళం వేసిన చోట పెట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. నాయనమ్మగారి సామెతలో కొంత నిజం లేకపోలేదు. కవలల మీద జరిగిన అధ్యయనాలు చూస్తే, మనిషికీ మనిషికీ స్వభావంలో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం పుట్టుకతో వచ్చేవాటికి ముడిపడి ఉంటుంది. త్వరగా కలత చెందే స్వభావం కూడా అలాంటిదే. మీ చెల్లి అది కావాలని తెచ్చుకోలేదు. మీ అమ్మగారి పెంపకం లోపమూ కాదు.

ఈ కలతను కొలిచేటప్పుడు మనస్తత్వ శాస్త్రంలో మూడు విషయాలు విడివిడిగా చూస్తారు. ఎంత చిన్న మాటకు మనసు కదులుతుంది, కదిలితే ఎంత పైకి లేస్తుంది, లేచింది మళ్లీ మామూలు స్థాయికి రావడానికి ఎంతసేపు పడుతుంది. ఇంట్లోవాళ్లు మొదటిదాన్నే చూసి "ఇంతదానికేనా" అనేస్తారు. లోపల ఉన్న మనిషిని ఎక్కువగా నలిపేది మూడోది. మీకు అరగంటలో చల్లారే కోపం ఆమెకు అయిదు గంటలు పట్టొచ్చు. ఆ అయిదు గంటల్లో ఇంకో మాట పడితే, మొదటిది దిగకముందే రెండోది దాని మీదకెక్కుతుంది. అంతా దిగాక మాత్రం ఆమె నిజంగానే తేలిగ్గా ఉంటుంది, నవ్వుతుంది. "మర్నాడు నవ్వుతూ తిరుగుతోంది కాబట్టి నిన్నటి ఏడుపు నాటకం" అని మీ అమ్మగారు అనుకుంటున్నారు. నిన్నటి ఏడుపూ నిజమే, ఇవాళ్టి నవ్వూ నిజమే. ఈ ఒక్క సంగతి ఇంట్లో అర్థమైతే సగం గొడవలు తగ్గుతాయి.

మీ ఉత్తరంలో ఇంకో వివరం నన్ను ఆపింది. చదువులో, సామాన్లు సర్దుకోవడంలో అంత పద్ధతిగా ఉండే పిల్ల ఇలా ఎలా చేసుకుంటుందని మీరు ఆశ్చర్యపోతున్నట్టుంది. తొందరపాటు అందరిలో ఒక్కలా ఉండదు. కొందరు ఎప్పుడూ తొందరపాటు మనుషులే. కొందరు మామూలప్పుడు ఆచితూచి నడుస్తారు, మనసు బాగా నొచ్చుకున్నప్పుడు మాత్రం ముందూ వెనకా చూడరు. తమను తాము గాయపరచుకునేవాళ్లలో ఈ రెండో రకం ఎక్కువగా కనిపిస్తుంది. దానికి తోడు తమను తాము తిట్టుకునే అలవాటు ఉంటే ఇంకా కష్టం. అన్నిట్లో ముందుండే పిల్లల్లో ఆ అలవాటు చాలాసార్లు ఎవరికీ కనిపించకుండా ఉంటుంది. మీ చెల్లి తన గురించి తాను ఏ మాటలు వాడుతుందో ఓసారి గమనించండి.

స్వభావం మనిషిని ఆ అంచు దాకా తెస్తుంది. అక్కడ ఏం చేస్తుందన్నది తర్వాత అలవాటైంది. "కాసేపు గోల ఆగుతుంది" అని ఆమె చెప్పింది కదా, ఆ కాసేపే ఈ అలవాటును పట్టి ఉంచుతోంది. కాసేపయ్యాక సిగ్గు వస్తుంది, దాచుకోవాలి, దాచుకుంటే ఒంటరితనం, ఆ ఒంటరితనంలో మళ్లీ అదే గోల. ఎవరో చూడాలని చేస్తుందనడానికి మీ దగ్గర ఆధారమేమీ లేదు. అంత ఉక్కలో పొడుగు చేతులు వేసుకున్న పిల్ల అందరూ చూడాలని ఎందుకు చేస్తుంది? మీ చెల్లి ఒక్కతే అనుకోకండి. చాలా దేశాల అధ్యయనాలను కలిపి 2014లో వేసిన లెక్క ప్రకారం, పెద్ద పిల్లల్లో, అంటే కాలేజీ వయసువాళ్లలో, నూటికి 13 మంది ఎప్పుడో ఒకప్పుడు చావాలనే ఉద్దేశం లేకుండానే తమను తాము గాయపరచుకున్నవాళ్లే. అంటే అరవై మంది ఉన్న క్లాసులో దాదాపు ఎనిమిది మంది.

పుడకల దాకా పోదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఏళ్ల తరబడి అవే మనుషులను వెంబడించి చూసిన 92 అధ్యయనాలను 2006లో ఒకచోట చేర్చి పరిశీలించారు. మనుషుల స్వభావం ఎక్కువగా మారేది 20 నుంచి 40 ఏళ్ల మధ్యే అని, ఆ వయసులో చాలామందికి మనసు నిలకడ పెరుగుతుందని తేలింది. చికిత్స తీసుకున్నవాళ్ల మీద జరిగిన 207 అధ్యయనాలను 2017లో పరిశీలిస్తే, సగటున 24 వారాల్లోనే స్వభావంలో మార్పు కనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా మారింది ఈ త్వరగా కలత చెందే గుణమే. ఉద్వేగాలను నడిపే మెదడు భాగాలకు పగ్గం వేసే ముందరి భాగం ఇరవయ్యో పడి మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. మీ చెల్లికి ఇప్పుడు ఇరవై. ఆమె సగం దారిలో ఉంది.

అమెరికాలో మార్షా లైనహన్ అనే మనస్తత్వవేత్త ఉన్నారు. ఇలాంటి బాధ కోసం, ఉద్వేగాలను తట్టుకునే నైపుణ్యాలు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అనే చికిత్సను తయారుచేసింది ఆవిడే. పొట్టిగా డీబీటీ అంటారు. అది పనిచేస్తుందని చూపిన మొదటి పరీక్ష 1991లో వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2011లో, తాను కూడా పదిహేడేళ్ల వయసులో తనను తాను గాయపరచుకుంటూ మానసిక ఆసుపత్రిలో ఉన్నానని ఆవిడ అందరి ముందూ చెప్పారు. చెప్పింది కూడా ఆ ఆసుపత్రిలోనే. "నాకు పిచ్చేమో" అని మీ చెల్లి భయపడే రోజున ఈ సంగతి చెప్పండి.

బోర్డర్‌లైన్ అంటే బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, ఉద్వేగాలూ సంబంధాలూ నిలకడగా ఉండని ఒక మానసిక సమస్య. ఆ పేరును ప్రస్తుతానికి పక్కన పెట్టమనండి. గాయపరచుకునేవాళ్లందరికీ ఆ సమస్య ఉండదు. అది ఉందో లేదో ఫోన్లో చూసి తేల్చేది కాదు, ఒక సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో కొంతకాలం చూసి చెప్పాలి. ఒకవేళ ఉన్నా, దానికి చికిత్స ఉంది, ఎక్కువమంది కోలుకుంటారు.

మీరు చేయగలిగిన వాటిలో మొదటిది, ఆ ఒట్టును వెనక్కి తీసుకోవడం. ప్రేమతోనే వేయించుకున్నారు, నాకు తెలుసు. కానీ అంత ఉద్వేగంలో ఉన్న మనిషిని ఒట్టు ఆపలేదు. తప్పాక ఆమె నెత్తిన "అక్క మీద ఒట్టు తప్పాను" అన్న పాపభారం కూడా పడుతుంది, ఈసారి మీకూ చెప్పకుండా దాస్తుంది. "నా మీద ఒట్టు వద్దులే. నీకు అలా అనిపించినప్పుడు నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా ఎత్తుతాను. చేసేసుకున్నా సరే, చెప్పు, తిట్టను" అనండి. చెప్పినప్పుడు నిజంగానే తిట్టకండి. గాయానికి కావలసిన కట్టు, అవసరమైతే టీటీ ఇంజెక్షన్ చూడండి. ఏడుపులు, ఉపన్యాసాలు ఆ పూటకు వద్దు.

రెండోది, ఆమె కుదురుగా ఉన్న రోజున ఆ ఆదివారాన్ని ఇద్దరూ కలిసి వెనక్కి నడిచి చూడండి. పొద్దున ఎన్నింటికి లేచింది, ముందురోజు రాత్రి నిద్ర పట్టిందా. అమ్మ ఫోన్ ఎప్పుడొచ్చింది, ఏ మాట దగ్గర గుండె మండింది. ఫోన్ పెట్టేశాక ఏమనుకుంది: "అమ్మకు నేను బరువైపోయాను" అనుకుందా, ఇంకేదైనా అనుకుందా. మెస్‌కు ఎందుకు వెళ్లలేదు. రూమ్మేట్లు సినిమాకి పిలిచారా, పిలవలేదా. గది తలుపు ఎప్పుడు వేసుకుంది. ఒక కాగితం మీద వరసగా రాయమనండి. ఫోనుకూ గాయానికీ మధ్య కొన్ని గంటలు ఉన్నాయని, ఆ గంటల్లో దారి మళ్లడానికి నాలుగైదు చోట్లు ఉన్నాయని ఆమెకే కనిపిస్తుంది. ఖాళీ కడుపు, నిద్రలేమి, ఒంటరి గది చిన్న విషయాలుగా కనిపిస్తాయి కానీ, నిద్ర చాలని రోజున ఎవరికైనా మనసు త్వరగా రేగుతుంది, ఆమెకు మరీను. "అమ్మతో గొడవైతే ముందు మెస్‌కు వెళ్లి నాలుగు ముద్దలు తింటాను, తలుపు తీసి ఉంచుతాను, అక్కకు ఫోన్ చేస్తాను" అనేది చిన్న ప్లానే. తలలో గోలగా ఉన్నప్పుడు అంతకన్నా పెద్ద ప్లాన్ గుర్తుండదు. అలవాటుగా గాయపరచుకునే వస్తువేదైనా ఉంటే గదిలో లేకుండా తీసేయడానికి ఆమెనే ఒప్పించండి. మీరు వెతికి లాక్కుంటే ఇంకోటి వస్తుంది.

ఆ కోరిక వచ్చినప్పుడు అది అలాగే పెరుగుతూ పోతుందనిపిస్తుంది, కానీ కొంతసేపటికి దానంతట అదే దిగుతుంది. ఆ కొంతసేపు గడవడానికి ఒంటిని నెమ్మదింపజేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వెడల్పాటి గిన్నెలో చల్లని నీళ్లు తీసుకుని, ఊపిరి బిగబట్టి, ముఖం కాసేపు అందులో ముంచితే గుండె వేగం తగ్గుతుంది. ఇది శరీరంలో సహజంగా ఉన్న ఏర్పాటే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, బొత్తిగా తినకుండా ఉండేవాళ్లు డాక్టరును అడగకుండా చేయకూడదు. లోపలికి తీసుకున్న దానికన్నా ఎక్కువసేపు ఊపిరి వదలడం, హాస్టల్ మెట్లు గబగబా ఎక్కి దిగడం కూడా పనిచేస్తాయి. నొప్పి స్థానంలో ఇంకో చిన్న నొప్పి పెట్టుకోమనే చిట్కాలు ఆన్‌లైన్‌లో తిరుగుతుంటాయి, వాటి జోలికి పోవద్దు. ఏదైనా మామూలు రోజుల్లో సాధన చేయాలి. మహేంద్రతనయ నదికి వరద వచ్చిన రోజున ఎవరూ ఈత నేర్చుకోలేరు.

మూడోది, మాట తీరు. ఆమె ఏడుస్తూ "రూమ్మేట్ నన్ను అలా అంది" అంటే, ఇంట్లో వచ్చే జవాబు "ఇంతదానికే ఏడుస్తావేమే, వదిలెయ్" అని. అనేవాళ్లకు అది ధైర్యం చెప్పడమే. వినేవాళ్లకు మాత్రం "నీ బాధ తప్పు" అని వినిపిస్తుంది. బాధ ఉన్నదని రుజువు చేసుకోవడానికి ఆమె గొంతు ఇంకా పెంచాల్సి వస్తుంది. దానికి బదులు "అలా అనేసరికి బాగా తగిలింది కదూ" అని ఆగండి. సలహా వద్దు, తీర్పు వద్దు, కాసేపు అంతే. బాధను ఒప్పుకున్నంత మాత్రాన గాయపరచుకోవడాన్ని ఒప్పుకున్నట్టు కాదు. మీ అమ్మగారికి కూడా ఇది పాఠంలా చెప్పకుండా, ఆమె ముందే మీరు ఇలా మాట్లాడి చూపించండి. అమ్మగారి కోపం కింద భయం ఉంది. సంబంధాల మాటలు నడుస్తున్న ఇంట్లో ఈ సంగతి బయటికి పొక్కితే ఏమవుతుందోనని ఆ తల్లి ఎంత బెంగ పెట్టుకుందో.

పెళ్లి చేస్తే కుదురుకుంటుందన్న మాట దగ్గర మాత్రం మీరు గట్టిగా నిలబడాలి. మాట పడలేని పిల్లను, దాచుకోవడం అలవాటైన పిల్లను, తెలియని ఇంట్లో, తెలియని మనుషుల మాటల మధ్య పెట్టడం చికిత్స ఎలా అవుతుంది? ఆ ఇంట్లో ఎవరికి ఫోన్ చేస్తుంది? ఇప్పుడు సంబంధాల మాటే గాయానికి దారితీసింది. కనీసం చదువు పూర్తయి, చికిత్సతో నిలదొక్కుకునే వరకూ పెళ్లి ఊసు ఎత్తవద్దని ఇంట్లో అందరిచేతా ఒప్పించండి. పెద్దమ్మగారికి కారణం చెప్పాల్సిన పనిలేదు, "పరీక్షలున్నాయి" అంటే చాలు.

నాన్నగారికి చెప్పాలా? చెప్పాలని నా అభిప్రాయం, కానీ ఆమె వెనక కాదు. "నీకు ఇచ్చిన మాట నాకు గుర్తుంది. కానీ నీ ప్రాణం మీదకొస్తుందనిపిస్తే ఆ మాట నేను నిలబెట్టుకోలేను, అది ముందే చెబుతున్నాను" అని స్పష్టంగా చెప్పండి. తర్వాత ఎప్పుడు, ఏ మాటలతో చెప్పాలో ఆమెను నిర్ణయించనివ్వండి. మీరు పక్కన ఉంటే చాలు. వైద్యానికి డబ్బు కావాలి, బరంపురం ప్రయాణాలు కావాలి, ఇదంతా మీ ఒక్కరి భుజాల మీద ఎన్నాళ్లు నడుస్తుంది? గాయాల వివరాలన్నీ ఆయనకు తెలియక్కర్లేదు. "చాలా బాధలో ఉన్నాను నాన్నా, డాక్టరు దగ్గరకు వెళ్తాను" అన్నంత వరకూ చాలు.

డాక్టరు విషయంలో మీకు దారులు ఉన్నాయి. చెల్లి ఉండే ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. పర్లాకిమిడిలో ఉన్నప్పుడు జిల్లా ప్రధాన ఆసుపత్రికి వెళ్లి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టరు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి. విశాఖ వెళ్లే వీలుంటే అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆమె ఒడియాలో చదువుకుని ఉండొచ్చు, కాలేజీలో రోజంతా ఒడియానే మాట్లాడుతుండొచ్చు. అయినా ఇంట్లో తగిలిన దెబ్బలు చెప్పుకోవాల్సి వచ్చేసరికి తెలుగే వస్తుంది. తెలుగు తెలిసిన కౌన్సెలర్ కావాలని మొహమాటం లేకుండా అడగండి, బరంపురంలో అది అసాధ్యమేమీ కాదు. పూర్తి డీబీటీ చేసేవాళ్లు పెద్ద నగరాల్లోనే ఎక్కువ. దగ్గర్లో దొరక్కపోతే అందులోని నైపుణ్యాలు నేర్పే క్లినికల్ సైకాలజిస్టును ఆన్‌లైన్‌లోనైనా చూడొచ్చు. వాళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే అడగండి. గాయపరచుకోవడం ఒక్కదానికే అంటూ ప్రత్యేకమైన మందు లేదు. డిప్రెషనో, ఆందోళనో కలిసి ఉంటే వాటికి మందులు ఇస్తారు, డాక్టరు చెప్పకుండా మధ్యలో మానకూడదు.

ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందని ఎవరైనా భయపెట్టొచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, శిక్షించకూడదని చెప్పింది. మీ చెల్లిది అలాంటి ప్రయత్నం కూడా కాదు. ఆ భయంతో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ చెల్లి ఫోన్‌లో ఆ నంబరు మీ పేరు పక్కనే ఉండేలా సేవ్ చేయించండి, మీరు క్లాసులో ఉండి ఫోన్ ఎత్తలేని సమయాలు ఉంటాయి కదా. అక్కడికి ఇంట్లోవాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. మీరు చెల్లి ఒట్టు మోస్తున్నారు, అమ్మ కోపం మోస్తున్నారు, పొద్దున లేచి స్కూలు పిల్లల ముందు మామూలుగా నిలబడుతున్నారు. ఇదంతా మోస్తూ మీరెలా ఉన్నారో ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఈ శనివారం స్కూలు అయ్యాక మొదటి ఫోన్ మీరే చేయండి, మీ కోసం. చెల్లికి ఆ నంబరు ఇచ్చేటప్పుడు "నేనూ మాట్లాడాను" అని చెప్పండి.